తుమ్మెద దాచిన మాట

ఊరికి దూరంగా, పంటకాలవ గట్టున, వరిచేల మధ్య ఒక పశువుల మకాం ఉండేది. చుట్టూ ఎత్తయిన తాటాకు దడి, దాని మొదట్లో తుమ్మకంప, ముందువైపు వెదురు తడిక. తడికకి గొళ్ళెం లేదు. గుంజకి తగిలించిన తాడు ఉచ్చే దానికి తాళం. రైతు తెల్లారి వచ్చి పాలు పితుక్కుని, మేత వేసి వెళ్ళాడంటే మళ్ళీ పొద్దువాలాకే రావడం. ఈ మధ్యలో మకాం మొత్తం పశువులదే రాజ్యం.

ఆ రాజ్యానికి పెద్ద కోటయ్య అనే ముసలి ఎద్దు. నాగలి లాగి లాగి మెడ కాయలు కాసినవాడు. మాట పలికే ముందు రెండుసార్లు నెమరేసేవాడు. కాపలా పని కాపన్న అనే కుక్కది. గుడ్లూ పిల్లలూ అంటూ మకాంలో సందడి నిలబెట్టేది సీతాలనే కోడి. వీళ్ళ మధ్య పెరుగుతున్నది తుమ్మెద. ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడే మేక. దానిది పిల్లా కాని, పెద్దా కాని వయసు. పిల్లలతో గెంతితే సిగ్గేసేది, పెద్దల మాటలు వింటూ కూచుంటే నిద్రొచ్చేది. అందుకని రోజంతా కోటయ్య మనవడు, కోడెదూడ చెంగయ్యతోనే దాని తిరుగుడు.

ఆ వేసవిలో సీతాలు పదకొండు గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టింది. గడ్డివామికీ ఎడ్లబండికీ మధ్య నీడలో, పాత గంపలో కూచుని రోజుకొక్కసారి మాత్రం మేతకి లేచేది. "అటువైపు గంతులొద్దు. వామి ఎక్కితే ఊరుకోను," అని కోటయ్య అందరికీ చెప్పేశాడు.

అయిదో రోజు మధ్యాహ్నం సీతాలు మేతకి లేచింది. కాపన్న నీళ్ళు తాగడానికి కాలవకి వెళ్ళాడు. కోటయ్య కునుకు తీస్తున్నాడు. చెంగయ్యకి ఏమీ తోచడంలేదు.

"తుమ్మెదా, వామి మీంచి బండి మీదికి దూకగలవా?" అన్నాడు.

"వామి ఎక్కొద్దన్నారుగా."

"దూకలేనని చెప్పు, పోనీ."

"ఎవరు దూకలేనిది?"

"నువ్వే. నిరుడైతే చిన్నదానివి, తేలిగ్గా ఉండేదానివి. ఇప్పుడు పొట్ట వచ్చింది."

ఆ ఒక్క మాటతో తుమ్మెదకి ఒళ్ళు మండింది. ఇంకేమీ ఆలోచించలేదు. నాలుగు అంగల్లో వామి పైకెక్కి, ముందుకాళ్ళు ముడిచి ఒక్క దూకు దూకింది. బండి నొగ దాని డెక్కలకి తగిలీ తగలనట్టు తగిలి జారిపోయింది. తుమ్మెద వచ్చి గంపలో పడింది.

గుడ్లు పగిలిన చప్పుడు పెద్దదేమీ కాదు. ఎండుటాకులు తొక్కినట్టుంటుంది, అంతే. కానీ ఆ చప్పుడు తుమ్మెద కాళ్ళలోంచి పాకి గుండెదాకా వచ్చింది. లేచి చూసుకుంది. డెక్కలకి సొన. గంపలో మూడంటే మూడు గుడ్లు నిలిచాయి, మిగతా ఎనిమిదీ నుజ్జయ్యాయి.

"ఎవరూ చూళ్ళేదు," అన్నాడు చెంగయ్య. "పద, పద, కాలవలో కాళ్ళు కడుక్కుందువుగాని."

"సీతాలత్తకి చెప్పాలి కదరా."

"చెబుదాంలే. సాయంత్రం చెబుదాం. ఇప్పుడు పద."

ఇద్దరూ తడిక తెరుచుకుని కాలవకి పరిగెత్తారు. సాయంత్రం చెప్పేద్దామని తుమ్మెద నిజంగానే అనుకుంది. కానీ సాయంత్రం దాకా వ్యవహారం ఆగలేదు.

నీళ్ళు తాగి వచ్చిన కాపన్నకి పచ్చిసొన వాసన తగిలింది. ఏమైందోనని గంప దగ్గరికి వెళ్ళాడు. ఎంత మంచివాడైనా కుక్క కుక్కే కదా, కారిపోతున్న సొన చూసి నాలుగుసార్లు నాకాడు. సరిగ్గా అప్పుడే సీతాలు తిరిగొచ్చింది. ఆ తల్లి పెట్టిన కేకకి కోటయ్య కునుకు వదిలిపోయింది. గేదెలు మెడలు తిప్పాయి. మకామంతా గంప చుట్టూ చేరింది. కాలవ నుంచి తడికాళ్ళతో వచ్చిన తుమ్మెదా, చెంగయ్యా అందరికీ వెనక నిలబడ్డారు.

"తిన్నావా కాపన్నా?" అని అడిగాడు కోటయ్య.

"పగిలినవి నాకాను. అది నిజం. పగలగొట్టింది నేను కాదు."

"మూతికి సొన పెట్టుకుని మాట్లాడుతున్నాడు తాతా!" అని ఏడ్చింది సీతాలు. "నా బిడ్డల్ని వీడికే అప్పగించి మేతకి వెళ్ళానే!"

"నువ్వు కాకపోతే మరెవరు?" అన్నాడు కోటయ్య.

తుమ్మెద నోరు తెరిచింది. చెంగయ్య దాని కాలు మీద కాలేసి గట్టిగా నొక్కాడు. నోరు మూతబడింది. ఆ మూతబడ్డ క్షణమే తర్వాత దానికి అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది.

కాపన్న ఒకసారి అందరి మొహాలూ చూశాడు. తుమ్మెద మొహం దగ్గర చూపు కాస్త ఆగింది. మళ్ళీ నేలకి దిగింది.

కోటయ్య రెండుసార్లు నెమరేసి తీర్పు చెప్పాడు. "నమ్మకం పోయాక కాపలా ఏముంది? కాలవ అవతల ఉండు. తడిక దాటి లోపలికి రావద్దు."

కాపన్న వాదించలేదు. తోక దించుకుని వెళ్ళి కాలవ అవతల చింతచెట్టు కింద పడుకున్నాడు. తుమ్మెద చిన్నప్పుడు పక్కచేల దాకా తప్పిపోతే మెడ పట్టుకుని ఇంటికి తెచ్చినవాడు ఆ కాపన్నే. ఆ పూట తుమ్మెద గడ్డి ముట్టలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, అందరూ సోలుతున్న వేళ, తుమ్మెద దడి పక్కన నిలబడి అవిసాకు కొరుకుతున్నట్టు నటిస్తోంది. దడి కంతలోంచి తేనె పూసినట్టున్న గొంతొకటి వినిపించింది.

"అమ్మాయ్ తుమ్మెదా, నిన్నటి దూకు బాగుంది. కాస్త దూరం తగ్గింది, అంతే."

అది సాధయ్య అనే నక్క. చెరకుతోటలో కాపురం. పేరుకి తగ్గట్టు ఎప్పుడూ సాధువులాగే మాట్లాడేది.

తుమ్మెద ఆకు వదిలేసింది. "ఏ దూకు?"

"భయపడకమ్మా. నేను చూశానంటే చూసినట్టు కాదు. ఎవరికి చెబుతాను? నన్ను బాబాయ్ అనుకో."

"నీకేం కావాలి?"

"ఏమీ వద్దు. ఒంటరివాణ్ణి. మధ్యాహ్నం పూట కాసేపు కబుర్లు చెబితే అదే పదివేలు."

తుమ్మెద ఊపిరి పీల్చుకుంది. కబుర్లేగా, అనుకుంది.

సాధయ్య రోజూ వచ్చేది. ఒకరోజు "పాపం, సీతాలు మిగిలిన మూడు గుడ్లూ ఎక్కడ పెట్టుకుంది?" అంది. పశువుల చావడి మూల, తౌడు గోనెల వెనక, అని చెప్పింది తుమ్మెద. ఇంకోరోజు "మీ కోటయ్య తాతకి ఈ వయసులో నిద్ర బాగా పడుతోందా?" అంది. ఎండ నడినెత్తికి వస్తే చాలు గురకే, అని చెప్పింది. మరోరోజు "కాపన్న మళ్ళీ లోపలికొచ్చే ఆశ ఉందా?" అంది. లేదని చెప్పింది. అన్నీ మాటలే కదా, మాటలకి ఎవరు చస్తారు, అని తనకి తానే సర్దిచెప్పుకునేది.

చేసిన తప్పు బరువు తగ్గించుకోవడానికి సీతాలుకి సేవలు మొదలుపెట్టింది. నోటితో తడిగడ్డి తెచ్చి చావడి ముందు వేసేది. సీతాలు మేతకి వెళ్ళినంతసేపూ గుడ్ల దగ్గర నిలబడేది.

"నీ వయసు పిల్లలకి ఇంత బుద్ధి ఎక్కడుంటుందే!" అని మురిసిపోయేది సీతాలు. "నా కష్టంలో రోజూ పలకరించింది నువ్వొక్కదానివే."

తిట్టినా బాగుండేది. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా తుమ్మెద ఏదో పనున్నట్టు అవతలికి పోయేది. కాలవ వైపు మాత్రం వెళ్ళేది కాదు.

ఇరవయ్యొకటో రోజున మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. మర్నాడే సాధయ్య దడి దగ్గరికి వచ్చింది. ఆ రోజు కబుర్లేమీ లేవు.

"రేపు మిట్టమధ్యాహ్నం తడిక తాడు తియ్యి."

"ఎందుకు?"

"ఎందుకేమిటమ్మా? పిల్లల్ని చూసిపోవద్దూ?"

"నేను తియ్యను."

"తియ్యకపోతే మీ తాతకి నేనే చెప్పాల్సొస్తుంది. నేను చెప్పే తీరు వేరుగా ఉంటుంది. కాలు జారి పడిందని చెప్పను, కావాలనే తొక్కిందంటాను. కాపన్నని గెంటించడానికే ఇదంతా చేసిందంటాను. పైగా సీతాలు ఎక్కడ ఉంటోందో, తాత ఎప్పుడు పడుకుంటాడో నాకెలా తెలిసిందని అడుగుతారు. ఎవరు చెప్పారనమంటావు?"

తుమ్మెద దడి దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేసింది.

"నువ్వు చెయ్యాల్సిందల్లా కొమ్ముతో తాడు ఎత్తడమే," అంది సాధయ్య, మళ్ళీ మెత్తబడి. "ఎత్తి, నీ దారిన నువ్వు మేతకి పో. ఈ ఒక్క పనీ చేశావంటే ఇక నీ జోలికి రాను. బాబాయ్ మాట."

తుమ్మెద తిన్నగా చెంగయ్య దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది. వాడు తోక జాడించడం కూడా మానేసి విన్నాడు.

"తీసేయ్," అన్నాడు చివరికి, చూపు ఎక్కడో పెట్టి. "ఈ ఒక్కసారితో పోతుందిగా."

"గుడ్ల రోజునా ఇదే అన్నావు. సాయంత్రం చెబుదామన్నావు. కాపన్న మామ పోయాడు. ఇప్పుడు పిల్లలు పోతారు. ఆ తర్వాత అత్త పోతుంది. ఇంకెక్కడ పోవడం?"

"అయితే ఏం చేస్తావు? చెబుతావా? తాత నన్ను చంపేస్తాడు. నా పేరు మాత్రం ఎత్తకు తుమ్మెదా, నీకు దణ్ణం పెడతాను."

వాడి మీద కోపం రావాలి. రాలేదు. వాడి కళ్ళలో ఉన్న భయం ఇన్నాళ్ళూ తన కళ్ళలో ఉన్నదే. "ఎత్తనులే," అంది.

చావడి దగ్గర సీతాలు పిల్లలకి నూకలు ఏరడం నేర్పుతోంది. తుమ్మెదని చూడగానే మూడు పిల్లలూ కీచుకీచుమంటూ దాని కాళ్ళ మధ్యకి వచ్చేశాయి. ఒకటి డెక్క మీదికి ఎక్కి నిలబడింది. ఏ డెక్కతో గుడ్లు తొక్కిందో ఆ డెక్క మీదికే. తుమ్మెద కదల్లేదు.

"అత్తా," అంది. "నీ గుడ్లు పగలగొట్టింది కాపన్న మామ కాదు. నేను. వామి మీంచి దూకి గంపలో పడ్డాను."

సీతాలు నూకలు కెలకడం ఆపేసింది.

"ఇంకా ఉంది. నక్క చూసింది. నువ్వెక్కడ ఉంటావో, తాత ఎప్పుడు పడుకుంటాడో దానికి నేనే చెప్పాను. రేపు మధ్యాహ్నం తడిక తియ్యమంది. పిల్లల కోసం వస్తుంది."

సీతాలు "రండర్రా," అని పిల్లల్ని పిలిచింది. పిల్లలు మూడూ రెక్కల కిందికి చేరాక తల ఎత్తింది.

"గుడ్లు పోయిననాడు ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు. రోజూ నా పక్కన నిలబడి, నా ఆనుపానులు దానికి చేరేశావా?"

"అవునత్తా."

"నా ముందు నిలబడకు. వెళ్ళి తాతతో చెప్పు."

కోటయ్య ముందు చెప్పడం ఇంకా కష్టమైంది. గేదెలు కూడా విన్నాయి. తుమ్మెద నేల చూస్తూ మొదలుపెట్టింది, నేల చూస్తూనే పూర్తి చేసింది. చెంగయ్య పేరు ఎత్తలేదు. వామి ఎందుకు ఎక్కావని కోటయ్య అడిగితే, "బుద్ధి లేక," అంది.

అప్పుడు వెనకనుంచి గొంతొకటి వచ్చింది. "దూకమంది నేనే తాతా. నువ్వు అడిగినప్పుడు దాని కాలు తొక్కిపెట్టింది కూడా నేనే." చెంగయ్య ముందుకొచ్చి తుమ్మెద పక్కన నిలబడ్డాడు.

కోటయ్య నెమరేశాడు. ఈసారి రెండుసార్లు కాదు, చాలాసార్లు.

"మీ సంగతి తర్వాత," అన్నాడు. "ముందు నా సంగతి చూసుకోవాలి. మూతికి అంటిన సొన చూశాను గాని, వెనకనున్న తడికాళ్ళు చూడలేదు. పదండి."

ముసలి ఎద్దు కాలవ దాటడం మకాంలో ఎవరూ చూసి ఏళ్ళయింది. మోకాలి లోతు నీళ్ళలో దిగి, అవతలి గట్టెక్కి, చింతచెట్టు కింద పడుకున్న కాపన్న ముందు తల వంచాడు. "తప్పు తీర్పు చెప్పాను. వచ్చెయ్యి కాపన్నా."

కాపన్న చిక్కిపోయాడు. లేచి ఒళ్ళు దులుపుకుని తుమ్మెద వైపు చూశాడు.

"నాకు ఆ రోజే తెలుసు. గంపంతా నీ వాసనే."

"మరి చెప్పలేదేం మామా?"

"నా మూతికి సొన పెట్టుకుని, పిల్లదాని మీద చెబితే ఎవరు నమ్ముతారు? నువ్వే చెబుతావనుకున్నాను. ఆ పూట చూశాను, మర్నాడు చూశాను. తర్వాత చూడ్డం మానేశాను."

"క్షమించు మామా."

"కోపం పోలేదు," అన్నాడు కాపన్న నిదానంగా. "పోయినప్పుడు చెబుతాను. ఇప్పుడు నక్క సంగతి చూద్దాం."

మర్నాడు మిట్టమధ్యాహ్నం కోటయ్య గురక మకాం దాటి వినిపించింది. గేదెలు కళ్ళు మూసుకుని ఉన్నాయి. తుమ్మెద కొమ్ముతో తాడు ఎత్తి, తడిక జరిపి, పక్కకి తప్పుకుంది.

సాధయ్య పిల్లిలా లోపలికి వచ్చింది. "మంచిపిల్లవి. బాబాయ్ మాట విన్నావు," అని గుసగుసలాడి తిన్నగా చావడి మూలకి నడిచింది. తౌడు గోనెల వెనక్కి తొంగిచూసింది. అక్కడ కోడీ లేదు, పిల్లలూ లేవు. ముందుకాళ్ళ మీద మూతి పెట్టుకుని కాపన్న పడుకుని ఉన్నాడు.

"దా సాధయ్యా," అన్నాడు. "కూచో."

సాధయ్య వెనక్కి ఒక్క గెంతు గెంతింది. ఈలోగా గురక ఆగిపోయింది. కోటయ్య తడికకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. తడిక గుంజకి తగిలించే పని చెంగయ్య చేస్తున్నాడు.

నక్క బెదరలేదు. దాని దగ్గర ఇంకా సరుకు ఉంది కదా! గొంతు సవరించుకుని, "కోటయ్యగారూ, నేను దొంగతనానికి రాలేదు. మీకో రహస్యం చెప్పిపోదామని వచ్చాను," అంది.

"చెప్పు."

"ఆ గుడ్లు పగలగొట్టింది ఎవరనుకుంటున్నారు? ఇదిగో, ఈ మేకపిల్ల!"

"తెలుసు."

సాధయ్య కళ్ళు ఆర్పింది. "కాలు జారి కాదండీ, కావాలనే తొక్కింది."

"పొట్ట వచ్చిందని వీడంటే, రోషం వచ్చి దూకింది. అదీ తెలుసు."

"మీ ఆనుపానులన్నీ నాకు చేరేసింది కూడా..."

"ఏ రోజు ఏం చెప్పిందో వరసగా చెప్పింది," అన్నాడు కోటయ్య. "ఒకటి రెండు నువ్వు మర్చిపోయి ఉంటావు. కావాలంటే గుర్తుచేస్తాను."

గేదెల్లో ఒకటి ఫక్కున నవ్వింది. సాధయ్య తుమ్మెద వైపు తిరిగింది. ఆ తేనె గొంతులో మొదటిసారి గరుకు తగిలింది. "చెప్పేశావా? అన్నీ?"

"అన్నీ బాబాయ్," అంది తుమ్మెద. "ఇంక నీ దగ్గర నాది ఏమీ లేదు."

కాపన్న లేచాడు. ఆ తర్వాత మాటల్లేవు. నక్క చావడి చుట్టూ మూడుసార్లు తిరిగింది, గేదెల కాళ్ళ సందుల్లోంచి దూరింది, కోటయ్య కొమ్ము తగిలి ఒక పల్టీ కొట్టింది. ఇంక చాలనుకున్నాక కోటయ్య తడిక తీయించాడు. సాధయ్య బయటపడి, కాలవ బురదలో మెడదాకా దిగబడి, అవతలి గట్టున తేలి, కాపన్న పళ్ళకి తోక వెంట్రుకలు వదిలి చెరకుతోట కూడా దాటిపోయింది. ఆ చేలల్లో దాన్ని మళ్ళీ చూసినవాళ్ళు లేరు.

సాయంత్రం కోటయ్య పిల్లలిద్దరికీ తీర్పు చెప్పాడు. వర్షాలు మొదలయ్యేదాకా మధ్యాహ్నం నిద్ర వాళ్ళకి లేదు. కాపన్న పక్కన నిలబడి కాపలా కాయాలి. సీతాలు మేతకి వెళ్ళినప్పుడు పిల్లల దగ్గర ఎవరుండాలన్నది సీతాలు ఇష్టం. సీతాలు తుమ్మెద పేరు చెప్పలేదు. చాలా రోజులు చెప్పలేదు.

తుమ్మెద అది భరించింది. ఎండలో కాపలా కాస్తూ, మాట్లాడని కాపన్న పక్కన నిలబడటం తేలికేమీ కాదు. అయినా ఆకలి వేస్తోంది, రాత్రిళ్ళు నిద్ర పడుతోంది, దడి అవతల ఆకు కదిలితే గుండె ఆగిపోవడం లేదు. పదో రోజో పన్నెండో రోజో, ఎండ బాగా ముదిరిన వేళ, కాపన్న కాస్త పక్కకి జరిగాడు.

"ఎండలో ఎందుకు మాడతావు? ఈ నీడ ఇద్దరికీ చాలుతుంది, రా," అన్నాడు.

తుమ్మెద వెళ్ళి పక్కన నిలబడింది. కోపం పోయిందా మామా అని అడగలేదు. అతను చెప్పినప్పుడే విందామనుకుంది.

నీతి: మన తప్పు మనమే చెప్పేస్తే, దాన్ని చూపించి మనల్ని ఆడించేవాడికి పట్టు దొరకదు.